ఆటోనగర్‌లో బోర్డు లేని ఫియట్ షెడ్డు

ఈ షెడ్డు మ్యాప్‌లో దొరకదు. బోర్డు లేదు, విజిటింగ్ కార్డు కూడా లేదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే వరస దాటి, "పాత ఫియట్లు బాగుచేసే మేస్త్రి ఎక్కడండీ?" అని అడిగితే టీకొట్టు వాళ్లే చెయ్యి చూపిస్తారు. వేపచెట్టు కింద రేకుల పందిరి. నేను వెళ్లిన రోజు అక్కడ ఒక అంబాసిడర్, రెండు పద్మినిలు (జనం ఫియట్ అనేవి ఇవే), చక్రాల్లేని ఒక జీపు ఉన్నాయి. మా కారు ఆ చెట్టు కింద ఏడు నెలలుంది. అందుకే ఇంత వివరంగా రాయగలుగుతున్నాను.

ముందు కారు సంగతి. 1984 ప్రీమియర్ పద్మిని, బొంబాయి కుర్లాలో తయారైంది. 1089 సీసీ ఇంజన్, స్టీరింగ్ పక్కన గేరు, ముందు ఒకటే పొడుగు సీటు. పద్మిని అని కాగితాల్లోనే ఉంటుంది, మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ ఫియటే. మాది గుడివాడ. నాన్నకి ఎరువుల కొట్టు ఉండేది. కొట్టుకి సైకిల్ మీద వెళ్లేవాడు, కారు తిరుపతికి, మోపిదేవికి, పెళ్లిళ్లకి మాత్రమే తీసేవాడు. 1997లో మారుతి కొన్నాక ఫియట్‌ని పెరట్లో పాత గొడ్లచావిట్లో పెట్టి టార్పాలిన్ కప్పాడు. ప్రతి ఆదివారం స్టార్ట్ చేస్తానన్నాడు. నాలుగు ఆదివారాలు చేశాడు. 2024 జనవరిలో నేను టార్పాలిన్ తీసేసరికి మీటరు మీద 21,340 కిలోమీటర్లున్నాయి.

ఆ అంకె చూసుకుని నేను ఒకటే మురిసిపోయాను. కారుని టెంపోలో వేయించుకుని షెడ్డుకి వెళ్లగానే మేస్త్రిగారికి మొదట చెప్పింది అదే. ఆయన మీటరు వైపు చూడనైనా లేదు. తలుపు తీసి, కిందికి వంగి, బ్రేక్ పెడల్ రబ్బరు మీద బొటనవేలితో రాసి చూశాడు. రబ్బరు మీద గీతలు ఇంకా పదునుగానే ఉన్నాయి. క్లచ్ పెడల్‌దీ అంతే. తర్వాత డ్రైవర్ కూర్చునే చోట సీటు అంచుని అరచేత్తో నొక్కాడు. "మీటరు నిజమే చెబుతోంది. కానీ సంబరపడకండి బాబూ. లక్ష తిరిగిన టాక్సీ అయితే సాయంత్రానికి పంపేసేవాణ్ణి. ఇది తిరగలేదు కదా, టైం పడుతుంది" అన్నాడు.

ఆ వెంటనే అడిగాడు, "సెల్ఫ్ కొట్టారా?"

కొట్టలేదు. మా మేనల్లుడు కొత్త బ్యాటరీ పెట్టి చూద్దాం మావయ్యా అని వారం రోజులు పోరాడు. నేనే పడనివ్వలేదు, అదీ తెలివితో కాదు, బ్యాటరీ ఖర్చు చూసి. ఆ పిసినారితనమే ఇంజన్ని కాపాడిందట. ఇరవై ఏడేళ్లు నిలబడ్డ ఇంజన్లో నూనె అంతా కిందికి జారిపోయి ఉంటుంది. సిలిండర్ గోడలకి పిస్టన్ రింగులు తుప్పుతో అంటుకుని ఉంటాయి. ఆ స్థితిలో సెల్ఫ్ కొడితే రింగులు విరగడమో, గోడల మీద గీతలు పడడమో ఖాయం. అప్పుడు బోరింగు (సిలిండర్ల లోపలి గోడలు మళ్లీ చెక్కించడం), కొత్త పిస్టన్లు, ఇక దానికి లెక్కే ఉండదు.

ఆయన చేసిన పని చూడ్డానికి చాలా చిన్నది. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఇంజన్ ఆయిల్లో డీజిల్ కలిపి, ఒక్కో బెజ్జంలో కొంచెం కొంచెం పోశాడు. ఏదో డబ్బా మూతతో పోస్తుంటే సగం బయటికే పోతోంది. నాది మెడికల్ షాపు కాబట్టి మర్నాడు ఇరవై ఎంఎల్ సిరంజీలు ఒక పెట్టె తీసుకెళ్లి ఇచ్చాను. ఆ షెడ్డులో నాకు మర్యాద పెరిగింది అప్పట్నుంచే. రోజూ పొద్దున ఒక డోసు, సాయంత్రం ముందు పుల్లీ నట్టుకి స్పానర్ పెట్టి కాస్త ఒత్తి చూడ్డం. బలం పెట్టడు. "ఊ" అంటుందేమో చూస్తాడు, అంతే. నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఐదో రోజు నేను షాపులో ఉండగా ఆయన కుర్ర అసిస్టెంటు వీడియో పంపాడు. స్పానర్ ఒక జానెడు కదిలింది. ప్లగ్గు బెజ్జం లోంచి తుప్పు రంగు నూనె బుడగలా పైకొచ్చింది. ఆ వీడియో మా ఇంట్లో అందరికీ చూపించాను. మా ఆవిడ "దీనికా ఇంత సంతోషం" అంది.

ఇంజన్ పూర్తిగా తిరిగాక కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చూసి బోరింగు అక్కర్లేదన్నాడు. చేద్దాం అంటే నేను ఒప్పుకునేవాణ్ణే, నాకేం తెలుసు? ఆయనకి ఆ డబ్బు వచ్చి ఉండేది. ఈ షెడ్డు గురించి మంచి రాయడానికి అసలు కారణం ఇదే.

మిగతా చోట్ల కారు బాగా పాడైంది. ట్యాంకులో పెట్రోలు ఎండి, తారులాగా అడుక్కి పట్టేసింది. మూత తీస్తే పాత వార్నిష్ డబ్బా కంపు. కార్బురేటర్ జెట్లు మూసుకుపోతే కరెంటు వైరులోంచి సన్నటి రాగిపోచ తీసి ఒక్కొక్కటీ పొడిచాడు. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుందట, అందుకని వీల్ సిలిండర్లు నాలుగూ లోపల్నుంచి తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి అంటుకుపోతే గేర్‌బాక్సు దింపాల్సొచ్చింది. ఎయిర్ ఫిల్టర్లో ఎలుకలు కాపురం పెట్టాయి: చింతగింజలు, గోనెపీచు, మా నాన్న కొట్టు తాలూకు రసీదు ముక్కలు. పెట్రోలు వెళ్లే రబ్బరు పైపులన్నీ, పంపు లోపలి డయాఫ్రమ్‌తో సహా మార్చేశాడు. ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది, పాత రబ్బరు దానికి తట్టుకోదని. "పోసి నిలవ ఉంచొద్దు, పోసింది తిప్పెయ్యండి" అని ఇప్పటికీ చెబుతుంటాడు.

స్టార్ట్ చేసిన రోజు మాత్రం నేను దగ్గరే ఉన్నాను. ట్యాంకుని నమ్మలేదు ఆయన. ఖాళీ సెలైన్ బాటిల్లో పెట్రోలు పోసి, తెరిచిన బోనెట్‌కి వేలాడదీసి, పైపుతో నేరుగా కార్బురేటర్‌కి ఇచ్చాడు. ఈ బాటిల్ నేను ఇచ్చింది కాదు, ఆయన దగ్గర ముందు నుంచీ ఉన్నదే. ప్లగ్గులు పెట్టకుండా ముందు ఉత్తినే సెల్ఫ్ తిప్పాడు, డాష్‌బోర్డు మీద ఆయిల్ ఎర్రలైటు ఆరేదాకా. అప్పుడు హెక్సా బ్లేడు ముక్కతో గ్యాప్ చూసి ప్లగ్గులు బిగించాడు. మూడోసారికి దగ్గింది. ఐదోసారికి అందుకుంది. పొగ వేపచెట్టు పైదాకా పోయింది, పక్క షెడ్డు వాళ్లు తిట్టారు. ఆయన ఒక పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మా డాక్టర్లు స్టెత్ పెట్టినప్పుడు ఎంతమంది అంతసేపు వింటారో నాకు తెలుసు.

ఇక బాగాలేనివి. టైం. రెండు నెలలన్నది ఏడైంది. ఫోన్ ఎత్తడు. బిల్లు ఉండదు, అట్టముక్క మీద పెన్సిల్‌తో అంకెలుంటాయి. అడిగితే ప్రతి అంకెకీ కథ చెబుతాడు, అబద్ధం అనిపించలేదు కానీ ఇన్సూరెన్సు వాళ్లకి చూపించడానికి పనికిరాదు. టింకరింగు, అంటే బాడీ రేకు పని, ఆయన చెయ్యడు, వేరే షెడ్డుకి ఇస్తాడు. అక్కడే నాకు ఒళ్లు మండింది. డ్రైవర్ డోర్ కింద తుప్పు కోసి రేకు అతకమంటే, తుప్పు మీదే పుట్టీ మెత్తి రంగు కొట్టేశారు. మా ఫ్రిజ్ మీది అయస్కాంతం జేబులో పెట్టుకెళ్లాను. రేకు ఉన్నచోట అంటుకుంది, డోర్ కింద జారి పడిపోయింది. మేస్త్రిగారికి చూపిస్తే నాకంటే ఆయనే ఎక్కువ కేకలేశాడు, మళ్లీ కోయించాడు. ఆ గొడవలోనే నెలన్నర పోయింది. మీరు ఎక్కడ చేయించినా సరే, అయస్కాంతం పట్టుకెళ్లండి.

కారంతా కొత్త రంగు వేయిద్దాం అన్నది నా కోరిక. అల్లాయ్ వీల్స్ మా అబ్బాయి కోరిక. మేస్త్రిగారు రెంటికీ ఒప్పుకోలేదు. "పైన కంపెనీ రంగు అలాగే ఉంది, పాలిష్ పట్టిస్తే చాలు. కింద మాత్రం వేయిద్దాం. చక్రాలు మారిస్తే నేను చెయ్యను" అన్నాడు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు కింద వేసిన తెలుపుకీ పైన పాత తెలుపుకీ తేడా తెలుస్తూనే ఉంది, ఎండలో మరీనూ. అయినా అలాగే బాగుంది.

సామాన్ల తిప్పలు ఆయనవి కావు, మనవే. కుర్లాలో ఈ బండ్లు తయారుకావడం మానేసి రెండు దశాబ్దాలు దాటింది. బొంబాయి నలుపు పసుపు టాక్సీల్లో ఆఖరి పద్మిని కూడా 2023 అక్టోబరుతో రోడ్డు దిగిపోయింది. ఆ టాక్సీలున్నన్నాళ్లూ సామాను ఎక్కడైనా దొరికేదని మేస్త్రిగారు వాపోతుంటారు. డోర్ బీడింగులు, వెనక లైటు అద్దం కోసం నేను పినాకిని ఎక్కి మద్రాసు పుదుపేట వెళ్లాను. అద్దం దొరికింది. బీడింగు దొరికింది కానీ ఒక తలుపుకి జానెడు పొట్టి.

మొత్తం లెక్క: లేబరు 38,000. టైర్లు, బ్యాటరీతో కలిపి సామాను 52,000. టింకరింగు, పెయింటు 61,000. సీట్లు 17,000 (రెక్సిన్ రంగు నేను చూపించింది కాదు, అది ఇంకో గొడవ). వెరసి 1,68,000. "ఈ డబ్బుకి నడిచే ఫియటే వచ్చేదిగా" అంది మా ఆవిడ. వచ్చేది.

కాగితాల పని షెడ్డు వాళ్లు చూడరు. 2021లో వచ్చిన రూల్ ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్, 'వీఏ' అక్షరాలున్న నంబరు ఇస్తారు. కానీ మాది 1984ది కాబట్టి 2034 దాకా ఆ ఊసే లేదు. మామూలు ఆర్‌సీ రెన్యువలే. దాని ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది, ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 2025 ఆగస్టులో మళ్లీ పెరిగింది. బ్రేకులు, లైట్లు, హారన్ అన్నీ పనిచేస్తేనే ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ తనిఖీకి) వెళ్లండి.

ఆగస్టులో తెచ్చుకున్నాను. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా, గంటకి యాభై దాటకుండా. త్రికోణం అద్దం వంచితే గాలి సరిగ్గా మొహానికే కొడుతుంది, ఏసీ గుర్తు రాలేదు. ఉయ్యూరు దగ్గర లారీ వెనక బ్రేక్ తొక్కితే మాత్రం రెండు కాళ్లూ కావాలనిపించింది. మారుతి అలవాటున్న కాళ్లు మరి.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు ఉండదు. సోమవారం రద్దీ ఎక్కువ, మంగళ బుధవారాలు వెళ్లండి. ఫోన్ చేసి వెళ్దామనుకోకండి. మాదానికి పెట్రోల్ ముల్లు సగం దగ్గరే ఆగిపోతోంది, ట్యాంకు నిండినా సగమే, ఖాళీ అయినా సగమే. రెండు వారాలుగా మేస్త్రిగారికి ఫోన్ చేస్తున్నాను, ఎత్తడం లేదు. వచ్చే మంగళవారం ఓ పెట్టె సిరంజీలు పట్టుకుని పోవాలి.