ఒక్కరే క్రూజ్ ఎక్కాలనుకుంటే ఏ ఓడ మంచిది? వైజాగ్, సింగపూర్, సియాటిల్ నుంచి నా అనుభవాలు

క్రూజ్ ప్రకటనల్లో "ఒక్కొక్కరికి" అని కనిపించే ధర, ఒక గదిలో ఇద్దరు ఉంటే ఒక్కొక్కరికి పడే ధర. ఒక్కరే ఆ గది తీసుకుంటే రెండో మనిషి చార్జీలో కొంత, చాలాసార్లు మొత్తం, మన మీదే వేస్తారు. దీన్ని సింగిల్ సప్లిమెంట్ అంటారు. ఒక్కరే వెళ్లేవాళ్లు ఓడల్ని పోల్చడం ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. మా ఆయనకు నీళ్ల మీద ప్రయాణం పడదు, పాపికొండల లాంచీలోనే తల తిరిగి పడుకున్నారు, అందుకని నేను సముద్రం మీదకు వెళ్లాలంటే ఒక్కదాన్నే వెళ్లాలి. అలా మొదట వైజాగ్ నుంచి, తర్వాత సింగపూర్ నుంచి, మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు సియాటిల్ నుంచి ఓడలెక్కాను.

తిరిగిన మీదట నాకు గట్టిగా అనిపించింది ఒకటే. ఒంటరిగా వెళ్లేవాళ్లు స్విమ్మింగ్ పూల్ ఎన్ని, జారుడుబల్లలు ఎన్ని అని చూడక్కర్లేదు. రాత్రి భోజనానికి మనల్ని ఎవరి పక్కన కూర్చోబెడతారు, లేదా ఎవరి పక్కనా కూర్చోబెట్టకుండా వదిలేస్తారా అన్నది చూడాలి. పగలంతా ఒక్కరే ఉండొచ్చు, సముద్రం చూస్తూ ఎన్ని గంటలైనా గడిచిపోతాయి. సాయంత్రం ఏడు దాటాక, చుట్టూ అన్ని బల్లల దగ్గరా కుటుంబాలు కూర్చుని నవ్వుకుంటున్నప్పుడే ఓడల మధ్య తేడా తెలుస్తుంది.

మనకు దగ్గరలో ఉన్నది కార్డీలియా అనే మన దేశపు క్రూజ్ కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడ. 1990లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఓడ, మన దేశానికి రాకముందు రాయల్ కరీబియన్ అనే అమెరికా క్రూజ్ కంపెనీ దగ్గర ఎంప్రెస్ ఆఫ్ ద సీస్ పేరుతో తిరిగింది. 2021 సెప్టెంబర్‌లో ముంబై నుంచి మొదలై, 2022 జూన్‌లో మొదటిసారి వైజాగ్ నుంచి ప్రయాణికుల్ని ఎక్కించుకుంది. మన రేవులో క్రూజ్ టెర్మినల్ ఆ తర్వాత, 2023లో ప్రారంభమైంది. వైజాగ్ నుంచి ఏడాది పొడవునా నడవదు, సీజన్‌లో కొన్ని ట్రిప్పులే ఉంటాయి, తేదీలు వచ్చినప్పుడు పట్టుకోవాలి. వీసా గొడవ లేదు, విమానం ఖర్చు లేదు, శాకాహారం, జైన భోజనం అన్నీ ఉంటాయి, బిల్లు రూపాయల్లోనే. ఇంత పెద్ద ఓడ కదిలితే మన ఒంటికి పడుతుందా లేదా తెలుసుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. రేవు దాటేటప్పుడు డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనే జరిగిపోతుంటుంది. పుట్టినప్పటి నుంచి బీచ్ మీద నుంచి చూసిన కొండను సముద్రం వైపు నుంచి చూస్తుంటే నాకు మాట రాలేదు. ఆ ఒక్క అరగంట కోసమైనా వైజాగ్ వాళ్లు ఈ ప్రయాణం చేయాలంటాను.

ఇక్కడ ఎక్కేవాళ్లలో కుటుంబాలు, ఆఫీసు గ్రూపులు, కొత్తగా పెళ్లయిన జంటలే ఎక్కువ. ఒంటరి వాళ్ల కోసం ప్రత్యేకంగా కలుసుకునే ఏర్పాటేదీ నాకు కనిపించలేదు. కానీ మనవాళ్లు మనల్ని వదలరు కదా. "ఒక్కరే వచ్చారా అమ్మా? పిల్లలెవరూ రాలేదా?" అని ఒక పెద్దావిడ అడగడం, అడిగాక తన పక్కన కుర్చీ లాగి కూర్చోబెట్టడం, మర్నాటికల్లా వాళ్ల మనవరాలు నన్ను అమ్మమ్మా అని పిలవడం జరిగిపోయాయి. కొందరికి ఆ ప్రశ్నలు ఇబ్బందిగా ఉంటాయని తెలుసు. నాకు ఆ రోజు అవి చాలా ధైర్యాన్నిచ్చాయి.

సింగపూర్ సంగతి వేరు. వైజాగ్ నుంచి స్కూట్ నేరుగా వెళుతుంది, హైదరాబాద్ నుంచీ నేరుగా విమానాలున్నాయి కాబట్టి తెలుగువాళ్లు అక్కడి నుంచి క్రూజ్ ఎక్కడం బాగా పెరిగింది. రాయల్ కరీబియన్ ఓడలు మెరీనా బే క్రూజ్ సెంటర్ నుంచి బయల్దేరతాయి, మెరీనా సౌత్ పియర్ మెట్రో స్టేషన్ దగ్గర దిగి నడిచిపోవచ్చు, ట్యాక్సీ కూడా అక్కర్లేదు. పెనాంగ్, పుకెట్ వైపు మూడు నాలుగు రాత్రుల ప్రయాణాలు ఎక్కువ. రిసార్ట్స్ వరల్డ్ వాళ్ల జెంటింగ్ డ్రీమ్ కూడా ఇక్కడి నుంచే. దానిలో మనవాళ్లు ఎంతమంది ఉంటారంటే, లిఫ్టులో తెలుగు వినపడకుండా ఒక్క రోజు కూడా గడవలేదు. తిండి విషయంలో భయపడేవాళ్లు కళ్లు మూసుకుని ఎక్కొచ్చు, భారతీయ శాకాహారం విడిగా పెడతారు. రాయల్ కరీబియన్‌లో అయితే మొదటి రాత్రే డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌కి చెప్పుకోవాలి. చెప్పాక మర్నాటి నుంచి పప్పు, కూర, అన్నం మన బల్ల దగ్గరికే తెచ్చిపెట్టారు. మెనూలో లేదని నోరు మూసుకుని సలాడ్ తినేవాళ్లను చూసి నాకు బాధేసింది, అడిగితే చేసే మనుషులు వాళ్లు.

గది విషయంలో మాత్రం ఓడ ఓడకూ తేడా ఉంది. రాయల్ కరీబియన్ క్వాంటమ్ తరగతి ఓడల్లో, అంటే ఆంథమ్ ఆఫ్ ద సీస్ లాంటి వాటిలో, ఒక్కరి కోసమే కట్టిన స్టూడియో గదులున్నాయి, కొన్నింటికి బాల్కనీ కూడా ఉంది. అయితే అవి వేళ్ల మీద లెక్కపెట్టినట్టే ఉంటాయి, ఓడలో నాలుగు వేల మంది ఉంటే స్టూడియోలు ముప్పై కూడా లేవు. అందుకే తేదీలు ప్రకటించగానే అయిపోతాయి. దొరక్కపోతే మామూలు గదికి ఇద్దరి చార్జీ కట్టాలి. ఒక ఊరట ఏమిటంటే, అలా కట్టినవాళ్లకు వాళ్ల క్రౌన్ అండ్ యాంకర్ సభ్యత్వంలో రాత్రికి రెండేసి పాయింట్లు వస్తాయి. మళ్లీ మళ్లీ వెళ్లే ఉద్దేశం ఉంటే అది పనికొస్తుంది, ఒక్కసారికే అయితే దాన్ని చూసి మురిసిపోవద్దు.

మూడు నాలుగు రాత్రుల చిన్న ప్రయాణాల్లో ఒంటరివాళ్లకు ఉన్న ఇబ్బంది ఇంకొకటి చెప్పాలి. ఎవరితోనైనా పరిచయం పెరిగే లోపే దిగే రోజు వచ్చేస్తుంది. ఒక ఓడలో (పేరు వద్దు) రాత్రి భోజనానికి నన్ను స్తంభం పక్కన ఇద్దరు కూర్చునే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఎదురుగా ఉన్న ప్లేటు, గ్లాసు చప్పుడు చేస్తూ తీసుకుపోయారు. వాళ్లకు అది రోజూ చేసే పని. నాకు మాత్రం ముద్ద దిగలేదు. మర్నాడు పొద్దున్నే డైనింగ్ మేనేజర్ దగ్గరికి వెళ్లి నలుగురైదుగురు కూర్చునే బల్ల కావాలని అడిగాను, ఆ పూటే మార్చారు. బుక్ చేసేటప్పుడే "షేరింగ్ టేబుల్" అని రాయించుకుంటే ఈ గొడవే ఉండదు. ఫిక్స్‌డ్ డైనింగ్ తీసుకుంటే రోజూ అదే బల్ల, అవే మొహాలు, కాబట్టి ఒంటరివాళ్లకు నేను అదే చెబుతాను. మనకిష్టమైన టైముకు వెళ్లే పద్ధతి వినడానికి బాగుంటుంది కానీ రోజూ కొత్తగా చోటు వెతుక్కోవాలి.

ఇప్పుడు సియాటిల్ నుంచి వెళ్లే అలాస్కా ప్రయాణం. ఒంటరివాళ్లకు నా మొదటి ఓటు దీనికే, అందులోనూ నార్వీజియన్ క్రూజ్ లైన్ అనే కంపెనీ వాళ్ల ఓడకు. ఒక్కరి కోసం స్టూడియో గదుల్ని పెద్ద ఎత్తున కట్టింది వీళ్లే, 2010లో నార్వీజియన్ ఎపిక్ ఓడతో. సుమారు వంద చదరపు అడుగుల గది, అంటే మన ఇళ్లలో పూజగదీ స్టోర్ రూమూ కలిపితే అంత. కిటికీ ఉంటుంది కానీ సముద్రం వైపు కాదు, ఓడ లోపలి నడవా వైపు. గది సంగతి అలా ఉంచండి, స్టూడియోల్లో ఉండేవాళ్లకు మాత్రమే కార్డు పెడితే తెరుచుకునే ఒక లాంజ్ ఉంది, కాఫీ మెషిన్, కాసిని తినుబండారాలు, సోఫాలు. సాయంత్రం ఒక టైముకు ఓడ తరఫున ఒకమ్మాయి వచ్చి అందర్నీ పరిచయం చేస్తుంది, రాత్రి కలిసి భోజనం చేద్దామనుకునేవాళ్ల పేర్లు రాసుకుని ఒక పెద్ద బల్ల చెప్పి ఉంచుతుంది, నాటకానికి ఎవరెవరు వెళ్తున్నారో అడుగుతుంది. వెళ్లాలని లేకపోతే మానెయ్యొచ్చు, ఎవరూ ఏమనుకోరు. నేను మొదటి రోజు వెళ్లాలా వద్దా అని టెన్షన్ పడ్డాను, ఇంగ్లీషు అంత ధారాళంగా రాదు, వాళ్లంతా తెల్లవాళ్లు, డెబ్బై ఏళ్ల నర్సు ఒకావిడ, రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన. మూడో రాత్రికి ఒకరి కోసం ఒకరు చోటు ఉంచుకునేదాకా వచ్చాం. బస్సు డ్రైవరుగారు నాతో కందిపొడి అన్నం తిని, ఆ పొడి ఎక్కడ దొరుకుతుందని అడిగారు. (సీల్ చేసిన ప్యాకెట్లయితే తీసుకెళ్లొచ్చు, రైస్ కుక్కర్, ఇస్త్రీపెట్టె మాత్రం ఓడెక్కనివ్వరు.)

ఏప్రిల్ చివరి నుంచి అక్టోబర్ దాకా అలాస్కా సీజన్. సియాటిల్‌లో నార్వీజియన్ ఓడలు ఊరి మధ్యలో ఉన్న పియర్ 66 నుంచి, హాలండ్ అమెరికా, ప్రిన్సెస్, రాయల్ కరీబియన్ వాళ్లవి పియర్ 91 నుంచి వెళతాయి. సియాటిల్ పక్కనున్న బెల్వ్యూ, రెడ్‌మండ్ వైపు పిల్లలున్న తల్లిదండ్రులు మనలో చాలామంది కదా, ఎండాకాలంలో అక్కడికి వెళ్లినప్పుడు ఒక వారం ఇలా పెట్టుకోవచ్చు, పిల్లలకు సెలవు దొరక్కపోయినా సరే. ఓడ ఆగే ఊళ్లలో, జూనోలో మెండెన్‌హాల్ హిమానీనదం, స్కాగ్వేలో 1898-1900 మధ్య బంగారం వేట కాలంలో వేసిన వైట్ పాస్ రైలు, ఈ రెండూ వదులుకోవద్దు. రైలులో ఒక్కరికి కిటికీ సీటు సులువుగా దొరుకుతుంది, జంటలకు పక్కపక్కన చోటు కోసం వెతుకులాట ఉంటుంది, ఒంటరిగా వెళ్లడం వల్ల వచ్చే లాభాల్లో ఇదొకటి.

గ్లేసియర్ బే చూడాలని ఉంటే ఓడ ఎంచుకునేటప్పుడే చూసుకోండి. ఆ జాతీయ పార్కులోకి రోజుకు రెండే పెద్ద క్రూజ్ ఓడల్ని పంపిస్తారు, అన్ని ఓడలూ వెళ్లవు. హాలండ్ అమెరికా, ప్రిన్సెస్ వాళ్లవి ఎక్కువగా వెళతాయి. హాలండ్ అమెరికాలో పెద్ద వయసు వాళ్లు ఎక్కువ, రాత్రిపూట లైవ్ సంగీతం బాగుంటుందని పేరు. గోల లేకుండా పుస్తకం చదువుకుంటూ కూర్చోవాలనుకునే ఒంటరివాళ్లకు అది నప్పుతుంది. ఒక్కరి గదులు మాత్రం దానిలో చాలా తక్కువ.

వీసా గురించి మర్చిపోతే మొత్తం పోతుంది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్యే తిరిగి రాకూడదని 1886 నాటి చట్టం ఒకటుంది, అందుకే సియాటిల్ నుంచి వెళ్లే అలాస్కా ఓడలు కెనడాలోని విక్టోరియాలో, చాలాసార్లు రాత్రిపూట కొన్ని గంటలైనా, ఆగుతాయి. ఆ కాసేపటి కోసం మన భారతీయ పాస్‌పోర్టుకు కెనడా విజిటర్ వీసా కావాలి, అమెరికా వీసా ఉంటే చాలదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. పిల్లలు గ్రీన్ కార్డు మీద ఉండి, వాళ్ల లెక్కతో తల్లిదండ్రులకు బుక్ చేస్తే రేవు దగ్గరే ఆపేస్తారు. అమెరికా వీసా మీద మళ్లీ లోపలికి రావడానికి వీలుందో లేదో కూడా చూసుకోవాలి.

ఖర్చుల్లో పైకి కనిపించనివి ఉన్నాయి. అమెరికా కంపెనీల ఓడల్లో టిప్పులు మనిషికి రోజుకు 18 నుంచి 20 డాలర్ల దాకా ఖాతాలో పడిపోతాయి. ఇక్కడ మాత్రం మనం ఒక్కరిమే కాబట్టి ఒక్కరి టిప్పే. వైఫై విడిగా కొనాలి. ఓడ ఎక్కగానే ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, సముద్రం మధ్యలో ఓడ శాటిలైట్ నెట్‌వర్క్‌కి ఫోను తగులుకుంటే వచ్చే బిల్లు చూసి ఏడుపొస్తుంది. ఓడలో డాక్టరు ఉంటారు, ఫీజు చాలా ఎక్కువ, అందుకే ఇన్సూరెన్స్ లేకుండా ఒంటరిగా ఎక్కొద్దు, పైగా మనతో కూడా ఎవరూ ఉండరు. ఇండియాలో ఏజెంటు ద్వారా విదేశీ ప్యాకేజీ కొంటే టీసీఎస్ అనే పన్ను ముందే వసూలు చేస్తారు, ఆ రసీదు దాచుకుని ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు.

రేవులో దిగి చూసే టూర్లలో ఒంటరివాళ్లకు ఒక చికాకుంది. ఒక బయటి ఆపరేటర్ దగ్గర ముందే డబ్బు కట్టాను, ఆ రోజు పొద్దున "ఇద్దరు లేకపోతే బండి కదలదు" అన్నాడు. డబ్బు వెనక్కి రావడానికి నెలలు పట్టింది. అప్పటి నుంచి దూరంగా వెళ్లే టూర్లు ఓడవాళ్ల దగ్గరే తీసుకుంటున్నాను, ధర ఎక్కువైనా సరే. వాళ్ల టూరు ఆలస్యమైతే ఓడ మనకోసం ఆగుతుంది, బయటి బండి ఆలస్యమైతే ఆగదు. పక్కన ఇంకొకరు లేని మనిషికి అది మామూలు విషయం కాదు. గదికి వస్తే, ఓడ మధ్యలో, కింది డెక్‌లో తీసుకోండి, ఊపు తక్కువ. బాల్కనీ కోసం రెండు చార్జీలు కట్టడం కంటే ఒక్కరి కోసం కట్టిన లోపలి గదిలో ఒక్కరి చార్జీతో వెళ్లి, మిగిలిన డబ్బుతో ఇంకో ప్రయాణం చేయడం నాకు నచ్చింది.

ఇప్పుడు నా చూపు క్యూనార్డ్ అనే కంపెనీ వాళ్ల క్వీన్ మేరీ 2 ఓడ మీద ఉంది. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు ఏడు రాత్రులు, దారిలో ఏ రేవూ లేదు, పడమటికి వెళ్తుంటే కొన్ని రాత్రులు గడియారం గంట వెనక్కి తిప్పుతూ పోతారు, ఇరవై ఐదు గంటల రోజులన్నమాట. 2016లో ఓడను బాగుచేసినప్పుడు ఒక్కరి గదులు పదిహేను కట్టారు, అన్నింటికీ సముద్రం కనిపించే కిటికీలే. డాన్స్ రానివాళ్లకు, జంట లేనివాళ్లకు తోడుగా ఆడేందుకు డాన్స్ హోస్టులు కూడా ఉంటారు. నాకు డాన్స్ రాదు, పట్టుచీర కట్టుకుని ఆ హాల్లో కూర్చుని చూడాలని ఉంది. పదిహేను గదులే కాబట్టి తేదీలు తెరవగానే బుక్ చేయమని మా అమ్మాయికి చెప్పి పెట్టాను.