బ్రూక్లిన్ బ్రిడ్జి ఫ్రీ, పార్కింగ్ 46 డాలర్లు

ముందే చెప్పేస్తున్నా, న్యూయార్క్‌లో మన్‌హటన్‌నీ బ్రూక్లిన్‌నీ కలిపే బ్రూక్లిన్ బ్రిడ్జి చూడ్డానికి కారులో వెళ్ళకండి. న్యూజెర్సీ ఎడిసన్‌లో అక్కావాళ్ళింట్లో దిగాం కాబట్టి హోటల్ ఖర్చు లేదు, రైల్లో పోదామంటే బావ వినలేదు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు, స్టేషన్ మెట్లు ఎక్కలేరని పెద్ద బండి తీశాడు. 2025 నుంచి మన్‌హటన్ దక్షిణ భాగంలోకి కారు తెస్తే పగటిపూట 9 డాలర్ల రద్దీ ఛార్జీ (సొరంగం టోలు కట్టినవాళ్ళకి కొంత తగ్గుతుంది), సరే అది ప్రభుత్వం చెప్పి మరీ తీసుకునేది. వంతెనకి మన్‌హటన్ చివర, సిటీ హాల్ దగ్గర ఒక గ్యారేజీ బయట ఇంతేసి అక్షరాలతో "రోజంతా 24 డాలర్లు" అని ఉంది, తాళం ఇచ్చేసి వెళ్ళాం. సాయంత్రం బిల్లు 46.17. పెద్ద బండికి 15 అదనం, మొత్తం మీద 18.375 శాతం పన్ను అన్నాడు కౌంటర్లో కుర్రాడు. ఆ 15 సంగతి ఎక్కడ రాశారంటే లోపల స్తంభం వెనక అంటించిన చిన్న కాగితం చూపించాడు. పొద్దున ఇదే బండిని చూసే కదా తాళం తీసుకున్నాడు, అప్పుడు నోరు పెగల్లేదు! బావ ఎడిసన్ చేరేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

నాన్న మాత్రం వెనక సీట్లో నవ్వుతూనే ఉన్నారు. ఈ వంతెనకే ఇంతకంటే పెద్ద టోపీ పెట్టారు కదరా అని. నిజమే. వంతెనని మోసే కేబుళ్ళకి తీగ సరఫరా చేసే కాంట్రాక్టు లాయిడ్ హేగ్ అనేవాడికి దక్కింది, ట్రెంటన్‌లో సొంత తీగల ఫ్యాక్టరీ ఉన్న, ఈ వంతెన కట్టిన ఇంజనీర్ల రోబ్లింగ్ కుటుంబానికి కాదు. ఇంజనీర్లు ఫ్యాక్టరీలో పరీక్షించి పాస్ చేసిన చుట్టలు బండెక్కేవి, దారిలో వాటిని దించేసి పనికిరావని పక్కనపెట్టిన చుట్టలు ఎక్కించేవాళ్ళు, మంచివి మళ్ళీ ఫ్యాక్టరీకి వెళ్ళి మళ్ళీ పాసయ్యేవి. 1878లో బయటపడేసరికి నాసిరకం తీగ కేబుళ్ళలోకి వెళ్ళిపోయింది, విప్పి తీయడం కుదరదు. కావలసినదానికి ఆరు రెట్ల బలం ఉండేలా ముందే లెక్కకట్టారు కాబట్టి వంతెన బతికింది, ఒక్కో కేబుల్‌కి ఇంకో 150 తీగలు హేగ్ ఖర్చు మీదే కలిపించారు. ఆ తీగలు ఇప్పటికీ అందులోనే ఉన్నాయి, మనం వాటి కిందే నడుస్తాం.

నడక గురించి ఫిర్యాదు ఏమీ లేదు. 2021లో సైకిళ్ళని కింద కార్ల రోడ్డు మీదికి మార్చారు, 2024లో బొమ్మలు, టోపీలు అమ్మేవాళ్ళని తీసేశారు, చెక్కల దారంతా మనదే. టికెట్ లేదు. 1883 మే 24న తెరిచినప్పుడు మనిషికి ఒక సెంటు తీసుకునేవారట, 1891లో ఎత్తేశారు. వంతెన మీద టాయిలెట్లు ఉండవు, పెద్దవాళ్ళతో వెళ్తే ముందే చూసుకోండి.

నాన్న ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు, ఆయనకి స్కైలైన్ అక్కర్లేదు, టవర్ల కింద ఏముందో కావాలి. మూత లేని పెద్ద చెక్కపెట్టెని బోర్లించి నదిలోకి దించి, నీళ్ళు రాకుండా లోపలికి గాలి ఒత్తి, కూలీలు అడుగున తవ్వుతుంటే పైన రాతికట్టు పెంచుకుంటూ పోయారు. మన దగ్గర వంతెనల పునాదికి బావులు దించినట్టే, కాకపోతే గాలి ఒత్తిడి ప్రాణం తీసేది. బ్రూక్లిన్ వైపు 44 అడుగులు దాటి ఆగారు, మన్‌హటన్ వైపు 78 దాటినా బండరాయి పూర్తిగా తగల్లేదు, మనుషులు చనిపోతున్నారని చీఫ్ ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ గట్టి ఇసుక మీదే ఆపేశాడు. "ఆ సంతకం పెట్టడానికి గుండె కావాలి" అని నాన్న మన్‌హటన్ టవర్ దగ్గర అరగంట కదల్లేదు, అమ్మకి విసుగొచ్చింది. ఆ ఒత్తిడిలోంచి బయటికొచ్చేటప్పుడు పట్టుకునే జబ్బే వాషింగ్టన్‌నీ మంచాన పడేసింది. ఆయన ఇంటి కిటికీలోంచి టెలిస్కోపుతో పని చూస్తుంటే, ఇంజనీర్లకి ఆయన మాట చేరవేస్తూ భార్య ఎమిలీ ఏళ్ళ తరబడి తిరిగింది. టవర్ మీద ఆమె పేరున్న ఫలకం చూపిస్తే అప్పుడు అమ్మ ఆగి ఫోటో తీయించుకుంది.

అవతల బ్రూక్లిన్‌లో దిగాక పిజ్జా క్యూలో ఎండలో నలభై నిమిషాలు, వచ్చింది మామూలు పిజ్జా. క్యూ చూడగానే వెనక్కి తిరగండి. పక్కనే నది ఒడ్డు పార్కులో బెంచీలు, టాయిలెట్లు ఉన్నాయి, అక్క కట్టిచ్చిన పులిహోర అక్కడే అయిపోయింది.

తిరిగి నడవడం అమ్మ వల్ల కాదు, ఫెర్రీ ఎక్కాం, మేం వెళ్ళినప్పుడు మనిషికి 4.50. డబ్బు పెట్టినందుకు ఫలితం దక్కింది ఇక్కడే, వంతెన మొత్తం, 1595 అడుగుల మధ్య భాగం, నీళ్ళ మీంచే తెలుస్తుంది. 1869లో ఈ రేవు దగ్గరే సర్వే చేస్తున్న, వంతెన డిజైన్ చేసిన జాన్ రోబ్లింగ్ పాదం ఫెర్రీకీ కట్టకీ మధ్య నలిగింది, ధనుర్వాతంతో పోయాడు, పని కొడుకు వాషింగ్టన్ మీద పడింది. కాబట్టి మీరు సబ్‌వేలో హై స్ట్రీట్ స్టేషన్‌కి వచ్చి, బ్రూక్లిన్ నుంచి మన్‌హటన్ వైపు ఒక్కసారే నడవండి. నడవలేనివాళ్ళని ఫెర్రీ ఎక్కించండి, వాళ్ళే బాగా చూస్తారు.