నలుగురం, మూడు ఇంటిపేర్లు, ఒక నేమ్‌ప్లేట్

సికింద్రాబాద్ ఆర్.పీ. రోడ్డు పక్క సందులో ఉంది ఈ నేమ్‌ప్లేట్ల షాపు. బయటికి రబ్బరు స్టాంపుల కొట్టులా కనిపిస్తుంది, లోపలికి వెళ్తే టేకు పలకలు, ఇత్తడి రేకులు, ఒక లేజర్ మిషన్. పనితనానికి ఐదు స్టార్లు, టైముకి మాత్రం మూడే. ఆరు రోజులన్నారు, పదకొండో రోజున ఇచ్చారు.

మా సంగతి చెబితే గానీ షాపు పెద్దాయన చేసిన పని విలువ అర్థం కాదు. మేం ఇద్దరు ఆడవాళ్ళం. ఆమె, నేను ఒకరికొకరం అనుకుని నాలుగేళ్ళు, పిల్లలతో సహా మల్కాజ్‌గిరిలో ఒకే ఇంట్లో చేరి ఎనిమిది నెలలు. నా భర్త పోయారు, నాకు ఎనిమిదేళ్ళ పాప. ఆమె విడాకులు తీసుకుని పుట్టింటి పేరుకి వచ్చేసింది, పద్నాలుగేళ్ళ బాబుకి మాత్రం వాళ్ళ నాన్న ఇంటిపేరే ఉంది. 2023 అక్టోబరు 17 తీర్పులో సుప్రీంకోర్టు మాలాంటి వాళ్ళ పెళ్ళిని గుర్తించలేదు, అది చట్టసభల పని అంది, కాబట్టి మా ఇద్దరి పేర్లూ ఉన్న పెళ్ళి సర్టిఫికెట్ అనేది మాకు లేదు. జాయింట్ ఖాతాకి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ చెప్పాక బ్యాంకు పాస్‌బుక్కులో ఇద్దరి పేర్లూ వచ్చాయి. ఆ తర్వాత మా పేర్లు కలిసి ఉండేది ఈ బోర్డు మీదే, అందుకే ఇంత పట్టింపు.

అంతకుముందు వేరే షాపుకి వెళ్తే "సార్ పేరు చెప్పండి, పైన పెద్దగా వేద్దాం" అని మూడుసార్లు అడిగారు. అక్కాచెల్లెళ్ళమని చెప్పి బయటపడ్డాం. పిల్లల ముందు ఆ అబద్ధం ఆడినందుకు ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు. ఇక్కడ ముందే చెప్పేశాను, మేమిద్దరం జంట, వీళ్ళు మా పిల్లలు అని. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "మంచిదమ్మా. నాలుగు పేర్లు వస్తయి. ఏ వరసల రాయాలె?" అన్నారు.

మా ఇంట్లో తెగనిది ఆ వరసే. పాప మొదటి వారంలోనే ఆమెని పెద్దమ్మా అనేసింది. బాబు నన్ను ఏమీ పిలవడు, నేను ఎదురుగా ఉన్నా "అమ్మా, చార్జర్ ఎక్కడుందో అడుగు" అంటాడు. అందరికీ ఒకే ఇంటిపేరు వేస్తే బోర్డు నీట్‌గా ఉంటుందని షాపాయన అనగానే వాడి మొహం మాడిపోయింది. వాళ్ళ నాన్న పేరు తీసేస్తామేమోనని వాడికి ఇన్నాళ్ళూ టెన్షన్ అని నాకు అప్పుడే తెలిసింది. ఎవరిది వాళ్ళకే ఉండాలన్నాను. ఆయన కాసేపు ఆలోచించి ఇంటిపేర్ల పొడి అక్షరాలు చిన్నగా ఎడమ పక్కన పెట్టి, అసలు పేర్లు నాలుగూ ఒకే గీత దగ్గర మొదలయ్యేలా సర్దారు. దూరం నుంచి నాలుగు పేర్లే కనిపిస్తాయి, దగ్గరికొస్తే ఎవరి ఇంటిపేరు వాళ్ళకుంటుంది.

వయసు ప్రకారం పెట్టమని బాబే చెప్పాడు. అడుగున వచ్చానని పాప ఏడుపు మొహం పెడితే "కిందుంటేనే నీకు అందుతుంది" అన్నాడు. నిజంగానే అది బడి నుంచి రాగానే తన పేరు మీద వేలితో దిద్దుకుని గాని లోపలికి రాదు. బాబు ఇంకా నన్ను ఏమీ పిలవట్లేదు, నేనూ ఎదురుచూడటం మానేశాను. కానీ గోడకి డ్రిల్లు వేసి బోర్డు బిగించింది వాడే, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఒక జాగ్రత్త. పాప పేరులో "క్ష్మి" ఉంది, వాట్సాప్‌లో పంపినదాన్ని ప్రింటింగ్ షాపుల వాళ్ళు వాడే అను ఫాంటులోకి మార్చేసరికి మ వత్తు ఎగిరిపోయింది, పాపే పట్టుకుంది. ఇత్తడి కోశాక దిద్దలేరు, కాబట్టి ముందు కాగితం మీద ప్రింటు తీయించి ఎవరి పేరు వాళ్ళ చేతే చదివించండి. పది బై పదహారు అంగుళాల టేకు పలక, ఇత్తడి అక్షరాలు, మొత్తం 3,400 రూపాయలు, బిగింపు మనదే. పీతాంబరితో తోమకండి, తెల్లపొడి చెక్క సందుల్లో ఇరుక్కుంటుంది, పొడిగుడ్డ చాలు.

రెండు గంటలు ఖాళీ చూసుకుని వెళ్ళండి, పిల్లలుంటే వాళ్ళనీ తీసుకెళ్ళండి, ఆయన వాళ్ళ మాట కూడా వింటారు.