హిమాయత్ సాగర్ బురదలో వంకర ముక్కు

వేడర్ల కోసం, అంటే బురదలో నడుస్తూ మేసే పిట్టల కోసం, హైదరాబాద్ వచ్చేవాళ్లు ముందుగా కనుక్కోవాల్సింది ఏ చెరువుకు పేరుందని కాదు, ఏ చెరువులో నీళ్లు తగ్గి బురద తేలిందని. వానలు దండిగా కురిసి గట్లదాకా నిండిన ఏడాది పెలికాన్లకు పండగే. వేలెడు నీళ్లలో మేసే ఉల్లంకులకు మాత్రం కాలు మోపే చోటుండదు.

మాది కాకినాడ. నేనూ మా బావా జనవరిలో వెళ్లాం. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి లింగంపల్లిలో దిగితే అమీన్‌పూర్ చెరువు దగ్గరే. నగర పరిధిలోని నీటివనరుల్లో దేశంలోనే మొదటిసారిగా దీన్ని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చుట్టూ అపార్ట్‌మెంట్లు, అక్కడక్కడా చెత్త. అయినా ఇక్కడి పిట్టలు మనుషులకు అలవాటు పడ్డాయి, దగ్గరికి రానిస్తాయి. ఉల్లంకుల్లో వుడ్ శాండ్‌పైపర్‌కీ గ్రీన్ శాండ్‌పైపర్‌కీ తేడా నేర్చుకోవడానికి మంచి చోటు. వుడ్‌కి కంటిమీద తెల్లటి కనుబొమ గీత కన్ను దాటి వెనక్కి సాగుతుంది, వీపు మీద చుక్కలు బాగా కనబడతాయి. గ్రీన్‌కి ఆ గీత కన్ను ముందే ఆగిపోతుంది. ఎగిరినప్పుడు గ్రీన్ రెక్కల అడుగు నల్లగా ఉంటే, వుడ్‌ది లేతగా ఉంటుంది.

మంజీరా అభయారణ్యం సంగారెడ్డి దగ్గర. మొసళ్లు చూడాలంటే తప్పకుండా వెళ్లండి. చిన్న వేడర్లకైతే స్కోప్ (స్టాండు మీద పెట్టి చూసే దుర్బిణి) లేకుండా దండగ. ఎండెక్కాక నీటిమీద గాలి వణుకుతుంది, అంత దూరంలో స్టింట్ అనే బుల్లి ఉల్లంకి ఏదో గులకరాయి ఏదో తెలియదు.

మాకు పైసా వసూల్ అనిపించింది 1927 నాటి హిమాయత్ సాగర్. తూర్పు ఒడ్డున నిలబడితే పొద్దుటి ఎండ వీపు మీద పడుతుంది, పిట్ట రంగులు విప్పి చూపించినట్టే. లిటిల్ స్టింట్ల గుంపు మేస్తోంది. కాళ్లు నల్లగా ఉంటే లిటిల్, పసుపుపచ్చగా ఉంటే టెమ్మింక్స్ స్టింట్ అని అందరూ చెబుతారు గానీ, బురద అంటుకుంటే అన్నీ నల్ల కాళ్లే. కాస్త లోతు నీళ్లలోకి దిగి కాళ్లు కడుక్కునేదాకా ఆగాలి, లేదా ఎగిరినప్పుడు తోక అంచు చూడాలి. టెమ్మింక్స్‌కి అక్కడ తెలుపు మెరుస్తుంది.

ఆ గుంపులో ఒకటి మిగతావాటికంటే పొడుగ్గా, బూడిద రంగులో ఉంది. ముక్కు కిందికి వంగి ఉంది. కర్ల్యూ శాండ్‌పైపరా, డన్లినా? డన్లిన్ కాళ్లు పొట్టి, ముక్కు చివర మాత్రమే వంగుతుంది. అయినా ముక్కు ఒక్కటే చూసి తేల్చేస్తే కుదరదు, ఒక్కో పిట్టకి ఒక్కోలా ఉంటుంది. ఎదురుచూశాం. పైన గద్ద తిరగగానే గుంపంతా లేచింది. తోక మొదట్లో మధ్య గీత లేకుండా పూర్తి తెలుపు! డన్లిన్‌కైతే ఆ తెలుపును నల్ల చార రెండుగా చీలుస్తుంది.

బావ పెదవి విరిచాడు. "మన కోరంగి వైపు మందలు మందలుగా ఉండేదాని కోసం ఇంత తగలేశామా?" నిజమే, అది తీరం పిట్ట. సముద్రానికి ఇంత దూరంలో కనబడటమే విశేషం, అదీ మా తీరంలో ఎప్పుడూ దొరకనంత దగ్గరగా.

సేవల సంగతి. యాప్ క్యాబ్‌లో వెళ్తే చెరువు గట్టు దగ్గర తిరుగు బండి దొరకదు. సగం రోజుకి కారు మాట్లాడుకోవడమే నయం, వెయిటింగ్ ఎంతో ముందే తేల్చుకోండి. మా డ్రైవరన్న ఓపిక మెచ్చుకోవాలి, రెండో గంటకల్లా బైనాక్యులర్ అడిగి తీసుకున్నాడు. లాడ్జి మాత్రం విసిగించింది. ఉచిత టిఫిన్ ఎనిమిదింటికంట, మేం బయల్దేరేది అయిదున్నరకి. గేటు తీయించడానికే పావుగంట.

మళ్లీ వెళ్తే మార్చి ఆఖరున వెళ్తాం. అప్పటికి నీళ్లు ఇంకా తగ్గుతాయి, కర్ల్యూ శాండ్‌పైపర్ ఛాతీకి ఇటుక రంగు ఎక్కుతుంటుంది. గది మాత్రం వేరే చోట.