నాలుగేళ్లుగా వాడుతున్న ఓబీడీ స్కానర్: క్రాంక్ సెన్సర్ దొరికిన కథ

2021లో ఎనిమిది వందలు పెట్టి కొన్న బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఇది, కారు కంప్యూటర్ నమోదు చేసుకున్న లోపాల కోడ్‌లు చదివి చూపిస్తుంది. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చి, ఫోన్‌లో యాప్ తెరవడమే. రెండేళ్లపాటు నాకిది ఆటబొమ్మే.

2023 మే నెలలో సూర్యాపేట దాటాక నా పాత పెట్రోల్ కారు నడుస్తూ నడుస్తూనే ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవట్లేదు. అరగంట వేపచెట్టు కింద నిలబడి మళ్లీ తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. మెకానిక్ పెట్రోల్ పంపు అని మార్చాడు. వారానికి మళ్లీ అదే కథ. ఆయన్ని అనీ లాభం లేదు, షెడ్డుకు చేరేసరికి బండి చల్లారి బుద్ధిగా నడిచేది.

మూడోసారి ఆగినప్పుడు స్కానర్ చేతిలో ఉంది. కోడ్ పీ0335, క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరగడాన్ని పసిగట్టేది) సర్క్యూట్‌లో లోపమని. అంటే సెన్సరే పోయిందని కాదు. వైరు తెగినా, కనెక్టర్‌లో తుప్పు పట్టినా ఇదే కోడ్ రావచ్చు. నాకు అసలు పనికొచ్చింది లైవ్ డేటా, అంటే సెన్సర్ల రీడింగులు అప్పటికప్పుడు చూపించేది. మా ఆవిడను సెల్ఫ్ కొట్టమని ఆర్‌పీఎం చూశాను. రెండు వందల చుట్టుపక్కల రావాల్సింది, సున్నా దగ్గరే కూర్చుంది. ఇంజన్ తిరుగుతోందని ఈసీయూకి (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌కి) తెలియకపోతే స్పార్కూ ఇవ్వదు, పెట్రోలూ వదలదు.

ఇంటికొచ్చి సెన్సర్ విప్పాను. రెండు వైర్ల రకం. మల్టీమీటర్‌లో 870 ఓమ్‌లు, బాగానే ఉందనిపించింది. అనుమానం తీరక మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ పట్టాను. ఐదు నిమిషాలకు అంకెలు గెంతడం మొదలైంది, కాసేపటికి మీటర్ ఓపెన్ చూపించింది, అంటే లోపల తీగ తెగినట్టే. తీసి చల్లారనిస్తే మళ్లీ 870! (మూడు వైర్ల హాల్ రకానికి మాత్రం ఈ ఓమ్‌ల పరీక్ష పెట్టకండి.) కొత్తది వేశాక రెండు వేసవులు గడిచాయి, ఒక్కసారీ ఆగలేదు.

స్కానర్‌లో లోపాలు లేకపోలేదు. లైవ్ డేటా నిదానం, సిగ్నల్ క్షణం పాటు తెగితే పట్టుకోలేదు; దానికి సిగ్నల్‌ను గీతగా గీసి చూపించే ఆసిలోస్కోపే కావాలి. నా కారులో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు చదవదు. బ్లూటూత్ అప్పుడప్పుడూ అలుగుతుంది. ముఖ్యంగా, పని అయ్యాక పీకేయండి. ఆ సాకెట్‌కు తాళం తీసినా కరెంటు వస్తూనే ఉంటుంది. పది రోజులు ఊరెళ్లి వచ్చేసరికి బ్యాటరీ పడుకుంది, పక్కింటాయన చేత కారు తోయించాను.