‘ఇస్రో టైఅప్’ అని ఎం.టెక్ సీటు అంటగడుతున్నారు, డబ్బు కట్టేముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో స్పేస్ టెక్నాలజీ ఎం.టెక్ కోసం తిరుగుతున్నవాళ్లూ, వాళ్లకి ఫీజు కట్టబోతున్న అమ్మానాన్నలూ, కాస్త ఆగండి. పోయిన ఏడాది మా తమ్ముడి కోసం నేను కట్టింది 1,50,000 రూపాయలు. ట్యూషన్ ఫీజు 1,20,000, ల్యాబ్ ఫీజు 25,000, కాషన్ డిపాజిట్ 5,000. తిరిగొచ్చింది ఆ ఆఖరి 5,000.

వాడిది ఈసీఈ. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పటి నుంచీ ఉపగ్రహాల మీద రీసెర్చ్ చేస్తానని ఒకటే జపం. ఎం.టెక్ ప్రవేశ పరీక్ష గేట్ క్వాలిఫై అయ్యాడు గానీ ఆ స్కోరుకి అంతరిక్ష శాఖ వాళ్ల తిరువనంతపురం ఐఐఎస్‌టీలో సీటు రాలేదు, కందిలోని హైదరాబాద్ ఐఐటీలోనూ రాలేదు. ఇంట్లో అందరం డీలా పడి ఉండగా అమీర్‌పేట నుంచి ఒక కన్సల్టెన్సీ వాళ్ల ఫోన్. “మేడమ్, సిటీ పక్కనే స్పేస్ టెక్నాలజీ ఎం.టెక్, ఇస్రోతో టైఅప్, ఇంక నాలుగే సీట్లున్నాయి.” చీరల కొట్లో ‘ఇదే ఆఖరి పీస్ అమ్మా’ అంటే నవ్వి ఊరుకునేదాన్ని, ఇక్కడ మాత్రం బోల్తా పడ్డాను.

కాలేజీ ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఉంది. ఒక గది తలుపు మీద ‘శాటిలైట్ రీసెర్చ్ సెంటర్’ అని ఇత్తడి అక్షరాలు. లోపల గాజు పెట్టెలో బంగారు రంగు రేకు చుట్టిన క్యూబ్‌శాట్. క్యూబ్‌శాట్ అంటే బుల్లి ఉపగ్రహం, ఒక యూనిట్‌ది పొడవు, వెడల్పు, ఎత్తు పది పది సెంటీమీటర్లుండే పెట్టె. అంత ఇరుకులో బ్యాటరీ, రేడియో, కంప్యూటర్ సర్దడమే అక్కడ అసలు విద్య. క్లాసులు మొదలైన రెండో వారంలో వాడు దాన్ని చేతిలోకి తీసుకుంటే బరువే లేదట. రేకు కొంచెం పక్కకి జరిపి చూస్తే లోపల థర్మకోల్. మేడ మీద ఉపగ్రహాల సిగ్నళ్లు అందుకునే ‘గ్రౌండ్ స్టేషన్’ యాంటెన్నా కూడా ఉంది. దాని కేబుల్ పిట్టగోడ మీదుగా సగం దూరం వేలాడుతోంది, కొసకి పాల కవర్ చుట్టి రబ్బరు బ్యాండు వేశారు. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

ఇక టైఅప్ సంగతి. అడగ్గా అడగ్గా తేలిందేమిటంటే, ఏటా అక్టోబరు 4 నుంచి 10 దాకా జరిగే అంతరిక్ష వారోత్సవాల్లో ఒకసారి బస్సులో పిల్లల్ని ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లారు. బ్రోషర్లో ఉన్నది ఆ గ్రూప్ ఫోటోనే. ఆ లెక్కన మా పిన్ని కూతురు చదివే హైస్కూలుకీ ఇస్రోతో టైఅప్ ఉన్నట్టే! పక్క పేజీలో రాకెట్ ఎగురుతున్న బొమ్మ. అది మన ఊరి రాకెట్ కంపెనీ స్కైరూట్ వాళ్లు 2022 నవంబరు 18న ప్రయోగించిన విక్రమ్-ఎస్. ఆ కాలేజీకీ దానికీ ఏ సంబంధమూ లేదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ డిగ్రీ పేరు దగ్గర తగిలింది. టెక్నికల్ కోర్సులకి అనుమతులిచ్చే కేంద్ర మండలి ఏఐసీటీఈ వెబ్‌సైట్లో ఆ కాలేజీకి అనుమతి ఉన్న కోర్సు ఎంబెడెడ్ సిస్టమ్స్. ‘స్పేస్ టెక్నాలజీ’ బ్రోషర్లోనే తప్ప పట్టా మీద రాదు. గేట్ వాళ్లకి నెలకి 12,400 స్కాలర్‌షిప్ ఇప్పిస్తామన్నారు. ఏఐసీటీఈ పోర్టల్లో కాలేజీయే ఐడీ క్రియేట్ చేసి నెలనెలా హాజరు ధ్రువీకరిస్తేనే ఆ డబ్బు వస్తుంది. ఆఫీసులో అడిగితే ఆ పోర్టల్ పేరే విననట్టు మొహం పెట్టారు.

కన్సల్టెన్సీ ఆయన ‘ఎం.టెక్ లేకపోతే ఇస్రోలో గేటు దాకా కూడా రానివ్వరు’ అన్నాడు. శుద్ధ అబద్ధం. ఇస్రో సైంటిస్ట్/ఇంజనీర్ ‘ఎస్‌సీ’ (ఇది రిజర్వేషన్ కాదు, పోస్టు గ్రేడు పేరు) పోస్టులకి సంబంధిత బ్రాంచిలో బీటెక్, 65 శాతం లేదా 6.84 సీజీపీఏ ఉంటే పరీక్ష రాయొచ్చు. ఉద్యోగమే కావాలంటే ఈ ఖర్చే అక్కర్లేదు.

నిజంగా రీసెర్చే చేయాలనుకుంటే కోర్సు పేరు చూడకండి, గైడ్ ఎవరో అడగండి. ఆయన పేరు పరిశోధన పత్రాలు వెతికే గూగుల్ స్కాలర్లో, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్ల థీసిస్‌లు మన దేశపు థీసిస్‌లుండే శోధ్‌గంగ సైట్లో వెతకండి. ఇస్రో ప్రాజెక్టు ఉందంటే, కాలేజీల పరిశోధనకి ఇస్రో డబ్బిచ్చే ‘రెస్పాండ్’ స్కీములోదా, మంజూరు లేఖ చూపిస్తారా అని అడగండి. ఉన్నవాళ్లు చూపిస్తారు, లేనివాళ్లు టీ తెప్పిస్తారు. మాకు రెండుసార్లు తెప్పించారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం చచ్చినా ఇవ్వకండి. వెరిఫికేషన్ చేసి వెంటనే తిరిగివ్వాలి, వాళ్ల దగ్గర ఉంచుకోకూడదు.

మేం ఇచ్చేశాం. మూడో వారంలో మానేస్తామంటే, రెండో ఏడాది ఫీజు కూడా కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. మానేసిన విద్యార్థిని తర్వాతి ఏళ్ల ఫీజు అడగకూడదని ఏఐసీటీఈ నిబంధన ఉంది. దాన్ని ప్రింటు తీసి, సర్టిఫికెట్లు ఇచ్చినట్టున్న రసీదుతో పాటు జతచేసి ఏఐసీటీఈ పోర్టల్లో ఫిర్యాదు పెడితే మూడు వారాలకి సర్టిఫికెట్లు, డిపాజిట్ ఇచ్చారు. సీటు మళ్లీ నిండలేదన్న సాకుతో మిగతాది ఇవ్వలేదు. క్లాసులు మొదలవ్వకముందే మానేసి ఉంటే 1,000 రూపాయలకి మించి కోయడానికి వీల్లేదు. ఆ రెండు వారాల ఖరీదు మాకు లక్షా నలభై అయిదు వేలు.

గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి వాడు ఈసారి అదే స్కోరుతో మళ్లీ అప్లై చేస్తున్నాడు. డెహ్రాడూన్‌లో ఇస్రో సంస్థే అయిన ఐఐఆర్‌ఎస్‌లో రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలతో భూమిని పరిశీలించే విద్య) ఎం.టెక్ కూడా చూస్తున్నాడు. దాని పట్టా మన ఆంధ్రా యూనివర్సిటీదే.

కాలేజీ పేరు అడగకండి, ఇక్కడ రాయను. మీ సర్టిఫికెట్లు ఇప్పటికే ఎక్కడైనా ఇచ్చేసి ఉంటే రేపు పొద్దున్నే వెళ్లి, ఏమేం ఇచ్చారో రాయించి సంతకం, స్టాంపుతో రసీదు తీసుకోండి. మా ఫిర్యాదుకి ఆధారంగా పనికొచ్చిన కాగితం అదొక్కటే.