బెజవాడలో ఏసీ128 ట్రాన్సిస్టర్లు కొనేవాళ్ళు ఒకసారి ఇది చదివి వెళ్ళండి

పాత రేడియో పార్టులతో ఏదో ఒకటి కెలుకుతూ ఉండే నాలాంటి వాళ్ళ కోసం రాస్తున్నా. పోయిన నెల గవర్నర్‌పేటలో ఒక కొట్లో పది ఏసీ128లు, ఇరవై ఓఏ79 డయోడ్లు కొన్నాను (రెండూ పాతకాలపు జర్మేనియం పార్టులు, ఇప్పటివి ఎక్కువగా సిలికాన్). "పాత సెట్లలోంచి ఊడదీసినవి బాబూ, ఒరిజినల్ జర్మేనియం, ఇక దొరకదు" అన్నాడు కొట్టతను. పదిహేను వందలు ఇచ్చేశా.

మా తాతయ్య రేడియో చెక్కపెట్టె ఖాళీగా పడుంటే, అందులో చిన్న సెట్టు కూర్చి 837 కిలోహెర్ట్జ్ మీద మన విజయవాడ కేంద్రం వినాలని నా సరదా. అంతా టంకం వేసి ఆన్ చేస్తే చడీచప్పుడూ లేదు. తప్పు నాదేననుకుని కాయిల్ విప్పి మళ్ళీ చుట్టా, రెండు రాత్రులు నిద్ర పాడు. చివరికి మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి ట్రాన్సిస్టర్ బేస్, ఎమిటర్ కాళ్ళ మధ్య చూస్తే 0.68 వోల్టు! జర్మేనియం అయితే 0.2, మహా అయితే 0.3 దగ్గర ఉండాలి. ఇది సిలికాన్. 0.2 వోల్టు లెక్కన బయాస్ (ట్రాన్సిస్టర్‌ని మేల్కొలిపే చిన్న వోల్టేజీ) ఇచ్చిన సర్క్యూట్లో అది మేలుకోదు, ఇక పాటలెక్కడివి. నంబరు మీద థిన్నర్ రుద్దితే దూదికి అంటుకుని వచ్చేసింది. డయోడ్ల మీద నల్లరంగు గీకితే లోపల రూపాయికి దొరికే 4148 సిలికాన్ డయోడు.

అసలు కొట్లోనే అనుమానం రావాల్సింది. ఊడదీసిన పార్టుకి కాళ్ళు పొట్టిగా, వంకరగా, పాత టంకం అంటుకుని ఉంటాయి కదా, ఇవేమో బారు కాళ్ళతో పెళ్ళికొడుకుల్లా తళతళలాడుతున్నాయి.

వెనక్కి పట్టుకెళ్తే "మీరే కాల్చేసి ఉంటారు" అన్నాడు. కాలితే జర్మేనియం సిలికాన్ అయిపోతుందా అండీ అనడిగితే పక్క కస్టమర్ వైపు తిరిగాడు. బిల్లు అడిగి తీసుకోకపోవడం మాత్రం నా బుద్ధితక్కువ.

మీటర్ జేబులో పెట్టుకుని వెళ్ళండి, కొట్లోనే కొలవండి, కొలవనివ్వకపోతే వచ్చేయండి. 0.2 వచ్చినా అయిపోలేదు, పాతవాటిలో లీకేజీ (ఆపి ఉన్నప్పుడూ కరెంటు కారడం) ఎక్కువున్నవి బోలెడు. కలెక్టర్, ఎమిటర్ కాళ్ళ మధ్య ఓమ్స్ (రెసిస్టెన్స్) చూస్తూ ట్రాన్సిస్టర్‌ని వేళ్ళతో పట్టుకోండి, ఒంటి వేడికి రీడింగ్ కాస్త కదిలితే అసలుదే, మరీ జారిపోతే వద్దు.

నేనైతే చివరికి పాత సామాన్ల కొట్లో చెడిపోయిన రేడియో ఒకటి రెండొందల యాభైకి కొన్నా, అందులో ఏసీ187, 188 జర్మేనియం ట్రాన్సిస్టర్ల జత శుభ్రంగా ఉంది. ఊడదీసేటప్పుడు పార్టు కాలిని నోస్‌ప్లయర్‌తో పట్టుకోండి, టంకం వేడి అందులోకి పోతుంది, లేకపోతే ఇవి వేడికి తొందరగా పాడైపోతాయి.

ఆ పది నకిలీలు మామూలు సిలికాన్ పీఎన్‌పీ రకం ట్రాన్సిస్టర్లుగా పనిచేస్తున్నాయి. ఎవరికైనా కావాలంటే ఊరికే ఇస్తా, కానీ మీద నంబరు తుడిచే ఇస్తా.